కంచరపాలెం దారిలో... కంప్యూటర్‌ తాబేళ్లు!

ప్రమాదమేమీ జరగలేదు. లారీ ఏదీ అడ్డంగా ఆగిపోలేదు. ఊరేగింపు లేదు, మంత్రిగారి కాన్వాయ్‌ రాలేదు. అయినా బళ్లన్నీ ఆగిపోయాయి. కాసేపు హారన్ల మోత. తర్వాత ఎవరో తాడు వదిలినట్టు ఒక్కొక్కటీ కదిలాయి. తీరా ముందుకెళ్లి చూస్తే... అక్కడేమీ లేదు!

విశాఖపట్నంలో ఎన్‌ఏడీ కూడలి నుంచి మర్రిపాలెం, కంచరపాలెం మీదుగా రైల్వేస్టేషన్‌ వైపు వెళ్లేవారికి ఇది కొత్త అనుభవమేమీ కాదు. ఆటోలు, సిటీబస్సులు, డ్యూటీలకు వెళ్లేవారి స్కూటర్లు, కాలేజీ పిల్లల సైకిళ్లు... అందరిదీ ఒకటే తొందర. బండి ఆగినప్పుడు అందరి నోటా ఒకటే మాట. ‘ముందు ఎవడో అడ్డంగా ఆపేసుంటాడు!’

ఎవరూ ఆపకపోతే? ఏ ఒక్కరి తప్పూ లేకుండానే ట్రాఫిక్‌ జామ్‌ పుడితే?

జపాన్‌ శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే పరీక్షించి చూశారు. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి దారి గీసి, దాని మీద 22 కార్లు నిలబెట్టారు. ‘అందరూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ముందు కారుకు తగలకుండా నడపండి’ అన్నారు. అంతే. సిగ్నళ్లు లేవు, మలుపులు లేవు, గోతులు లేవు. కాసేపు అంతా సాఫీగా సాగింది. ఎవరో ఒకరు కాస్త బ్రేకు మీద కాలేశారు. వెనకాయన ఇంకాస్త గట్టిగా వేశాడు. ఆ వెనకాయన ఇంకా గట్టిగా... చివరికి నాలుగైదు కార్లు పూర్తిగా ఆగిపోయాయి. తమాషా ఏమిటంటే కార్లు ముందుకు పోతుంటే జామ్‌ మాత్రం వెనక్కి జరుగుతూ పోయింది! 2008లో ఆ పరిశోధన ఫలితాలు అచ్చయ్యాయి.

ఇరవై రెండు కార్లు, ఓ మైదానం, అన్నిటికీ పెట్రోలు... ఇవన్నీ కళాశాలలకు ఎక్కడ దొరుకుతాయి? అందుకే ఓ సాఫ్ట్‌వేర్‌ ఉంది. పేరు నెట్‌లోగో. పైసా ఖర్చు లేదు. పాత కంప్యూటర్‌ అయినా ఫర్వాలేదు. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్‌ కూడా అక్కర్లేదు. అందులో తెరమీద కార్లు నడిపి, జామ్‌ ఎలా పుడుతుందో పదిహేనేళ్ల కుర్రాడు కూడా కళ్లారా చూడొచ్చు. చూసి ఊరుకోవడం కాదు, మార్చి చూడొచ్చు. అసలు కిటుకంతా ఆ మార్చడంలోనే ఉంది.

ఎల్‌ఐసీ ఏజెంటు కాదు!

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఏజెంట్‌ ఆధారిత మోడలింగ్‌ అంటారు. ఏజెంటు అనగానే బీమా పాలసీలు గుర్తొస్తే తప్పేం లేదు కానీ, ఇక్కడ ఏజెంటంటే తనంతట తాను నడుచుకునే చిన్న బొమ్మ. అది చీమ కావచ్చు, కారు కావచ్చు, జ్వరం వచ్చిన మనిషి కావచ్చు. ఒక్కోదానికీ రెండో మూడో చిన్న నియమాలు ఇస్తారు. ‘ముందు కారు దగ్గరైతే వేగం తగ్గించు. ఖాళీ ఉంటే పెంచు.’ ఇంతే. మొత్తం మీద ఏం జరగాలో ఎవరూ చెప్పరు. వందల బొమ్మలు ఒకేసారి తమ నియమాలు పాటిస్తుంటే పైకి ఏదో ఒక రూపం తేలుతుంది. జామ్‌, చీమల బారు, అంటువ్యాధి, మార్కెట్లో ధర... ఇవన్నీ అలా తేలిన రూపాలే.

వంటింట్లో బెల్లం డబ్బా దగ్గరకు బారులు తీరే చీమల్నే చూడండి. ముందుండి నడిపించే నాయకుడు వాటికి లేడు. రాణిచీమ ‘పదండి’ అని ఉత్తర్వు ఇవ్వదు. తిండి దొరికిన చీమ తిరిగొచ్చేటప్పుడు దారిలో ఓ రసాయనం వదులుతుంది. ఆ వాసన తగిలిన మరో చీమ అటు నడుస్తుంది. తిండి అయిపోతే వాసన ఆవిరైపోతుంది, బారు చెదిరిపోతుంది. నెట్‌లోగోతో పాటు వచ్చే నమూనాల్లో చీమలది ఒకటి. ఆ రసాయనం ఆవిరయ్యే వేగాన్ని ఓ మీట జరిపి పెంచితే బారు కట్టడమే మానేస్తాయి. తగ్గిస్తే తిండి అయిపోయిన చోటుకే తిరుగుతూ ఉంటాయి!

ఈ పేటవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇంకో ఉదాహరణ ఉంది. 2018లో వచ్చిన ‘కేరాఫ్‌ కంచరపాలెం’ సినిమా గుర్తుందిగా. వెంకటేష్‌ మహా దర్శకుడు. పేరున్న తారలెవరూ లేరు. ఎనభై మందికి పైగా స్థానికులే తెరమీద కనిపించారు. ఎవరి బతుకు వారు బతుకుతుంటే అన్నీ కలిసి ఓ కథ అయింది. ఏజెంట్‌ నమూనా కూడా అంతే. అందులో హీరో ఉండడు.

శాస్త్రం మాట కాసేపు పక్కనపెడితే హాలీవుడ్‌ ఈ కిటుకును ఎప్పుడో పట్టేసింది. క్రెయిగ్‌ రేనాల్డ్స్‌ 1987లో మూడే మూడు నియమాలతో తెరమీద పక్షుల గుంపును ఎగరేశాడు. ‘లార్డ్‌ ఆఫ్‌ ద రింగ్స్‌’ సినిమాల్లో వేలకువేలు సైనికులు కొట్టుకునే దృశ్యాలకు వాడిన ‘మాసివ్‌’ సాఫ్ట్‌వేర్‌ కూడా ఈ పద్ధతిదే. అందులో ఒక్కో సైనికుడూ తన చుట్టూ చూసుకుని తానే నిర్ణయం తీసుకునే బొమ్మ.

తాబేలు ఎలా వచ్చిందంటే...

నెట్‌లోగోలో కదిలే ప్రతి ఏజెంటునూ ‘టర్టిల్‌’ అంటారు. అంటే తాబేలు. కారైనా తాబేలే, తోడేలైనా తాబేలే. శ్రీకూర్మం ఉన్న ఉత్తరాంధ్రకు తాబేలు కొత్తేమీ కాదు కానీ, కంప్యూటర్లోకి అది వచ్చిన దారి చాలా పెద్దది.

1940ల చివర్లో బ్రిటన్‌లో గ్రే వాల్టర్‌ అనే శాస్త్రవేత్త వెలుతురును వెతుక్కుంటూ నేలమీద పాకే చిన్న యంత్రాలు చేశాడు. వాటిని తాబేళ్లనేవారు. 1967లో అమెరికాలో సేమోర్‌ పాపర్ట్‌, వాలీ ఫోర్జైగ్‌, సింథియా సాలమన్‌లు పిల్లల కోసం ‘లోగో’ అనే కంప్యూటర్‌ భాష తయారుచేశారు. కొన్నాళ్లకు తాబేలు అందులోకి చేరింది. ‘వంద అడుగులు ముందుకు, కుడికి తొంభై డిగ్రీలు’ అంటే నడిచి గీత గీసేది. 1990లలో మన దగ్గర కూడా కొన్ని ఇంగ్లిష్‌ మీడియం బడుల్లో కంప్యూటర్‌ పీరియడ్‌ అంటే ఈ తాబేలుతో చతురస్రం గీయించడమే! ఆనాటి పిల్లలు ఇప్పుడు అమ్మానాన్నలై ఉంటారు.

ఇక్కడో తెలుగు ముచ్చట కూడా ఉంది. 1980ల మొదట్లో పారిస్‌లో ‘సెంటర్‌ మోండియాల్‌’ అనే సంస్థ వెలిసింది. పేద దేశాల పిల్లలకు కంప్యూటర్‌ చదువు అందించాలన్నది దాని ఆశయం. పాపర్ట్‌ అందులో ఉన్నారు. దాని ప్రధాన శాస్త్రవేత్త ఎవరో కాదు... చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి. ఆ సేవకు గుర్తింపుగానే ఫ్రాన్స్‌ ఆయనకు 1984లో ‘లీజియన్‌ ఆఫ్‌ ఆనర్‌’ ఇచ్చింది. పదేళ్ల తర్వాత కంప్యూటర్‌ రంగపు నోబెల్‌గా పేరుపడ్డ ట్యూరింగ్‌ అవార్డూ వచ్చింది.

ఒక్క తాబేలు చాలదు, వేల తాబేళ్లు ఒకేసారి కదలాలి అనుకున్నవాడు పాపర్ట్‌ శిష్యుడు మిచెల్‌ రెస్నిక్‌. అలా వచ్చిందే ‘స్టార్‌లోగో’. దాంతో ఇద్దరు హైస్కూలు కుర్రాళ్లు చేసిన పని ఈ రంగంలో వాళ్లంతా చెప్పుకునే కథ. ఆ ఇద్దరూ అప్పుడే కారు నడపడం నేర్చుకుంటున్నారు. అందుకని జామ్‌ నమూనా చేద్దామనుకున్నారు. జామ్‌ కావాలంటే ఏదో కారణం ఉండాలి కదా! వేగాన్ని పసిగట్టే పోలీసు రాడార్‌ను దారి మధ్యలో పెట్టారు. దాని దగ్గర కార్లు నెమ్మదించి జామ్‌ అయింది. బాగానే ఉంది. తర్వాత రాడార్‌ తీసేశారు. ఇక కార్లు సాఫీగా పోతాయనుకున్నారు. పోలేదు! జామ్‌ మళ్లీ పుట్టింది. ప్రోగ్రామ్‌లో తప్పు ఉందేమోనని వెతికారు. లేదు. ‘కారణం లేకుండా’ జామ్‌ పుడుతుందన్న సంగతి వాళ్లకు ఏ మాస్టారూ చెప్పలేదు. వాళ్లే కనుక్కున్నారు.

రెస్నిక్‌తో కలిసి పనిచేసిన యూరి విలెన్‌స్కీ 1999లో నెట్‌లోగోను రాశారు. ఆయన అమెరికాలోని నార్త్‌వెస్టర్న్‌ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 2011 నుంచి దాని సోర్సు కోడ్‌ కూడా బహిరంగమే. అంటే ఎవరైనా విప్పి చూడొచ్చు, సరిదిద్ది పంపొచ్చు.

ముందు షేక్‌హ్యాండ్‌... తర్వాతే కంప్యూటర్‌

ఇంత మంచి సాఫ్ట్‌వేర్‌ను చెడగొట్టే మార్గం కూడా ఒకటుంది. ప్రొజెక్టర్‌ పెట్టి, నమూనా నడిపి, ‘చూశారా, జామ్‌ ఎలా అయిందో’ అని మాస్టారే చెప్పేసి, నోట్సు రాయించేయడం. అప్పుడది సినిమా. పైగా పాటలు లేని సినిమా.

బాగా చెప్పేవాళ్లు కంప్యూటర్‌ జోలికే వెళ్లకుండా మొదలుపెడతారు. తరగతిలో అరవై మంది ఉన్నారనుకోండి. అందరికీ మడతపెట్టిన చీటీలు ఇస్తారు. ఒక్కదానిలో మాత్రం చిన్న చుక్క ఉంటుంది. ఆ చీటీ వచ్చినవారు నోరు విప్పకూడదు. గంట కొట్టినప్పుడల్లా ప్రతి ఒక్కరూ లేచి ఎవరో ఒకరితో షేక్‌హ్యాండ్‌ ఇవ్వాలి. చుక్క ఉన్నవారు చెయ్యి కలిపితే అవతలివారికీ చుక్క వచ్చినట్టే. మొదటి గంటకు ఇద్దరు, రెండోదానికి నలుగురు, మూడోదానికి ఎనిమిది మంది... మూడు రౌండ్ల వరకూ ఎవరికీ ఏమీ తెలియదు. అయిదోదానికి సగం తరగతి! అక్కడి నుంచి మాత్రం వేగం తగ్గుతుంది. ఎందుకంటే చుక్క ఉన్నవాళ్లు చుక్క ఉన్నవాళ్లకే ఎదురుపడుతుంటారు. లెక్కలన్నీ బోర్డు మీద గీస్తే పడుకున్న ‘ఎస్‌’ అక్షరంలా గీత వస్తుంది. ఈ ఆట ఆడాక తెరమీద వైరస్‌ నమూనా తెరిస్తే పిల్లలకు అందులో ఉన్నది బొమ్మలు కాదు, తామే!

2020లో బెంగళూరులోని ఐఐఎస్‌సీ, ముంబయిలోని టీఐఎఫ్‌ఆర్‌ శాస్త్రవేత్తలు చేసింది ఇదే పని. కాకపోతే అరవై మందితో కాదు. ఒక్కో నగరానికీ కోటికి పైగా ఊహాజనిత పౌరులను కంప్యూటర్లో సృష్టించారు. వాళ్లకు ఇళ్లు, బడులు, ఆఫీసులు, ప్రయాణాలు అన్నీ ఇచ్చారు. లాక్‌డౌన్‌ ఎత్తేస్తే ఏమవుతుంది, ముంబయి లోకల్‌ రైళ్లు నడిపితే ఏమవుతుంది అని అందులో పరీక్షించారు. షేక్‌హ్యాండ్‌ ఆటకూ దానికీ ఉన్న తేడా పరిమాణంలోనే. ఆలోచన ఒకటే.

రెండో నియమం ఇంకా ముఖ్యం. మీట నొక్కే ముందు ఏమవుతుందో కాగితం మీద రాయాలి. రాశాకే నొక్కాలి. నెట్‌లోగోలో ‘ఫైర్‌’ అనే చిన్న నమూనా ఉంది. తెరంతా అడవి. ఎడమ అంచున నిప్పు పెడతారు. చెట్లు ఎంత దట్టంగా ఉండాలో మనమే ఎంచుకోవాలి. సగం జాగాలో చెట్లుంటే ఎంత అడవి కాలుతుంది? ‘సగం’ అని రాస్తారు చాలామంది. నొక్కితే మంట కాస్త దూరం వెళ్లి చల్లారిపోతుంది. 55 శాతమైనా దాదాపు అంతే. సుమారు 59 శాతం దాటగానే... అటు చివరిదాకా బూడిదే! పది శాతం తేడా మొత్తం కథను మార్చేయడం పిల్లలను కుర్చీల్లోంచి లేపుతుంది. తాము రాసింది తప్పయినందుకే ఆ ఆశ్చర్యం. రాయకుండా చూసినవాడికి ‘ఓహో’ అనిపిస్తుంది, అంతే.

కంప్యూటర్లు తక్కువున్నా ఇబ్బంది లేదు. ఒక్కోదానికి ఇద్దరు కూర్చోవడమే మేలు. ఒకరు నియమం చెప్పాలి, మరొకరు తాబేలులా నడిచి చూపించాలి. అసలు కంప్యూటరే లేకపోయినా ఫర్వాలేదు! ఆర్థికవేత్త థామస్‌ షెల్లింగ్‌ 1971లో ప్రచురించిన ప్రసిద్ధ నమూనాకు చదరంగం పలక, రెండు రకాల నాణేలు చాలు. ‘నా పక్కనున్నవాళ్లలో మూడోవంతు మంది నాలాంటివాళ్లుంటే చాలు’ అనే మెతక మనుషులు కూడా, నచ్చని గడి వదిలి జరుగుతూ పోతే చివరికి ఊరు రెండు పేటలుగా చీలిపోతుందని ఆయన చూపించారు. ఎవరికీ ద్వేషం లేదు, అయినా చీలిక వచ్చింది. 2005లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్‌ వచ్చింది. అష్టాచెమ్మా ఆడే ఇళ్లలో ఈ ఆటకు సరంజామా సిద్ధంగా ఉన్నట్టే.

తోడేలుకు ఆకలి... బోటుకు డీజిల్‌

నెట్‌లోగో తెరిచిన ప్రతివారూ మొదట చూసేవాటిలో ఒకటి గొర్రెలు-తోడేళ్ల నమూనా. తోడేలు నడిస్తే శక్తి తగ్గుతుంది, గొర్రెను తింటే పెరుగుతుంది. శక్తి అయిపోతే చచ్చిపోతుంది. గొర్రెలు ఎక్కువైతే తోడేళ్లు పెరుగుతాయి, తోడేళ్లు ఎక్కువైతే గొర్రెలు తగ్గుతాయి. గడ్డి లెక్క లేకుండా నడిపితే సాధారణంగా ఏదో ఒక జాతి అంతరిస్తుంది. గడ్డిని కూడా చేర్చితే మూడూ పైకీ కిందకీ ఊగుతూ చాలాకాలం నిలబడతాయి.

బాగుంది. కానీ కంచరపాలెం కుర్రాడు తోడేలును ఎప్పుడు చూశాడు? అతనికి తెలిసింది ఫిషింగ్‌ హార్బర్‌. కాబట్టి గొర్రెల్ని చేపలు చేయాలి, తోడేళ్లను మరబోట్లు చేయాలి, గడ్డిని నాచు చేయాలి. పేర్లు మార్చేస్తే సరిపోతుందనుకుంటే మాత్రం అక్కడే బోల్తా. చేపలు దొరక్కపోతే తోడేలులా బోటు చచ్చిపోతుందా? పోదు. అప్పు తెచ్చి అయినా, సబ్సిడీ డీజిల్‌తో అయినా మళ్లీ వేటకెళుతుంది. ఇంకా దూరం వెళుతుంది. అంటే తోడేలు నియమం ఇక్కడ పనికిరాదు. మరో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకూ 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. తోడేళ్లకు అలాంటి సెలవులు ఉండవు! ఆ నిషేధాన్ని నమూనాలో పెట్టాలంటే రోజులు లెక్కపెట్టే నియమం రాయాలి. రాశాక 61ని 30 చేసి చూడొచ్చు, 90 చేసి చూడొచ్చు. నిషేధ కాలంలో ఇల్లు గడవడానికి జాలరికి ఏం మిగులుతుందో కూడా లెక్కగట్టాలని ఎవరైనా విద్యార్థి అడిగితే... ఆ రోజు పాఠం బాగా జరిగినట్టే.

ఒకరు చేసిన నమూనాను ఉన్నదున్నట్టు నమ్మకుండా ‘మన దగ్గర ఇలా ఉండదు సార్‌’ అనడమే ఈ చదువులో మొదటి మార్కు. ఆ మాట అనేవాణ్ని కూర్చోబెట్టేస్తే తరగతిలో మిగిలేది సాఫ్ట్‌వేర్‌ ఒక్కటే.

రోడ్ల సంగతీ అంతే. నెట్‌లోగోలోని ప్రాథమిక ట్రాఫిక్‌ నమూనాలో కార్లన్నీ ఒకే పరిమాణం, ఒకే వరస. మన రోడ్డు మీద వరస ఎక్కడుంది? బస్సు పక్కనుంచి ఆటో, ఆటో పక్కనుంచి మోటార్‌సైకిల్‌, అన్నిటి మధ్యనుంచి ఆవు. సందు దొరికితే దూరిపోయే ద్విచక్ర వాహనం జామ్‌ను తగ్గిస్తుందా, పెంచుతుందా? పుస్తకంలో జవాబు లేని ప్రశ్న ఇది. కంచరపాలెం మెట్టు దగ్గర నిలబడి ఓ గంట లెక్క రాసుకొచ్చిన విద్యార్థికి పుస్తకం రాసినవారికంటే ఎక్కువే తెలుస్తుంది.

ఆ రాత్రి సైరన్‌ మోగి ఉంటే...

ఇదంతా కాలక్షేపం ఆటలా కనిపించొచ్చు. విశాఖలో మాత్రం కాదు.

కంచరపాలెం నుంచి ఎన్‌ఏడీ దాటి గోపాలపట్నం వైపు వెళితే ఆర్‌ఆర్‌ వెంకటాపురం. 2020 మే 7... తెల్లవారుజామున మూడు గంటల వేళ ఎల్జీ పాలిమర్స్‌ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్‌ ఆవిరి బయటకొచ్చింది. జనం గాఢనిద్రలో ఉన్నారు. లాక్‌డౌన్‌ రోజులు. కళ్లు మండి, ఊపిరాడక లేచినవాళ్లు చీకట్లో ఎటు తోస్తే అటు పరుగెత్తారు. కొందరు దారిలోనే స్పృహ తప్పి పడిపోయారు. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆపదవేళ మోగాల్సిన సైరన్‌ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. అంతకుముందు 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్‌ రిఫైనరీలో గ్యాస్‌ పేలి 60 మంది దాకా చనిపోయారు. ఆ మంటల్ని, పొగని చూసినవారు నగరంలో ఇప్పటికీ ఉన్నారు.

సైరన్‌ మోగి ఉంటే ఎంతమంది బయటపడేవారు? అయిదు నిమిషాలు ముందు మోగితే? పదినిమిషాలు? అందరూ ఒకే రోడ్డు మీదకు వస్తే? ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి ప్రశ్నలకు ఏజెంట్‌ నమూనాలనే వాడుతున్నారు. స్టేడియంలో తొక్కిసలాట, సునామీ వస్తే తీరం ఖాళీ చేయించడం, మంటలంటుకున్న భవనం... గుంపు ఎలా కదులుతుందో సూత్రాలతో చెప్పలేని చోటల్లా ఇవే దిక్కు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌, ఐటీఐ ఉన్న పేట కంచరపాలెం. ఇక్కడ డిప్లొమాలు చదివేవారిలో ఎందరో రేపు అవే కర్మాగారాల్లో షిఫ్టులు చేస్తారు. ఆ ప్రశ్నను తరగతిలో వేయడానికి ఇంతకంటే తగిన చోటుండదు.

విద్యార్థి చేయగలిగిన చిన్న నమూనా ఎలా ఉంటుందంటే... నేలను గళ్లుగా చేస్తారు. వీటిని ‘ప్యాచ్‌’లంటారు. ఒక గడిలో గ్యాస్‌ పోస్తారు. ‘డిఫ్యూజ్‌’ అనే ఒకే ఒక్క ఆదేశంతో అది పక్క గళ్లకు పాకుతుంది. ఇళ్లలో మనుషులు. గ్యాస్‌ తగిలినవాళ్లు మేల్కొని దూరంగా నడుస్తారు. సైరన్‌ మీట వేస్తే అందరూ ఒకేసారి లేస్తారు. ఓ మధ్యాహ్నంలో అయిపోయే పని.

అక్కడే అసలు పాఠం మొదలవుతుంది. ఎందుకంటే ఆ నమూనా చాలావరకు తప్పు! ‘డిఫ్యూజ్‌’ చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లకూ సమానంగా పంచుతుంది. దానికి గాలి ఎటు వీస్తోందో తెలియదు. స్టైరీన్‌ ఆవిరి మామూలు గాలికంటే మూడున్నర రెట్లు బరువు. పైకి పోదు, పల్లానికి పారుతుంది. ఆ సంగతి విద్యార్థి చెప్పాలి. ఇంకో వింత ఉంది. నెట్‌లోగోలో తెర అంచులు మామూలుగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తూర్పు అంచు దాటి పారిపోయిన మనిషి పడమటి అంచున ప్రత్యక్షమవుతాడు! గ్యాస్‌ కూడా అంతే. పక్షులకు ఫర్వాలేదు కానీ, గోపాలపట్నం నుంచి నగరంవైపు పరుగెత్తినవాడు పెందుర్తి వైపు తేలితే ఎలా? సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆపాలి. ఆపకుండా గీసిన గ్రాఫు ఎంత అందంగా ఉన్నా చెత్తబుట్టకే.

మనుషుల నియమాలు రాయడం మరీ కష్టం. గ్యాస్‌ వాసన రాగానే అందరూ పరుగెత్తుతారా? మంచాన పడ్డ అత్తగారిని వదిలి కోడలు వెళుతుందా? పశువుల తాడు విప్పకుండా రైతు కదులుతాడా? పిల్లల్ని ఇద్దర్నీ ఎత్తుకున్న తల్లి ఎంత వేగంగా నడుస్తుంది? పేటలో పది ఇళ్లకు వెళ్లి అడిగితే తప్ప ఈ నియమాలు రాయలేరు. కెమిస్ట్రీ, లెక్కలు, కంప్యూటర్‌, ఇరుగుపొరుగు... నాలుగూ ఒకే పాఠంలోకి వచ్చేది ఇలాంటప్పుడే. ఒకసారి నడిపి ‘ఇంతమంది బతికారు’ అనడం కూడా కుదరదు. ఏజెంట్లు అడుగడుగునా పాచికలు వేసినట్టు కదులుతాయి కనుక ప్రతిసారీ ఫలితం మారుతుంది. అదే నమూనాను వందలసార్లు నడిపి ఫలితాలు పట్టికగా ఇచ్చే ‘బిహేవియర్‌ స్పేస్‌’ అనే సాధనం నెట్‌లోగోలోనే ఉంది. దాన్ని వాడనివ్వకుండా ఒక్క ఫలితంతో రికార్డు రాయించేస్తే విద్యార్థి నేర్చుకునేది అబద్ధం చెప్పడమే.

పిల్లల నమూనా చూసి ఏ అధికారీ ఊరు ఖాళీ చేయించకూడదు, చేయించడు కూడా. అయితే ‘సైరన్‌ ఎక్కడుంది? ఎవరు నొక్కాలి? మా వీధికి వినిపిస్తుందా?’ అని అడిగే కుర్రాళ్లు పేటకు అవసరం.

‘నథింగ్‌ నేమ్‌డ్‌’ అంటే ఏంటి మాస్టారూ?

సాఫ్ట్‌వేర్‌ బాగుందని ఊరుకుంటే పాఠం సగమే. అందులో ఏం బాలేదో చెప్పడం మిగతా సగం.

మొదటి కష్టం భాష. నెట్‌లోగో ఆదేశాలన్నీ ఇంగ్లిష్‌. అవి చిన్నవి, పట్టుబడతాయి. ‘ఎఫ్‌డీ 1’ అంటే ఒకడుగు ముందుకు, ‘ఆర్‌టీ 90’ అంటే కుడికి మళ్లడం. కోడ్‌ పక్కన వివరణలు తెలుగులో రాసుకోవచ్చు. చిక్కల్లా తప్పు చేసినప్పుడు. ఒక్క అక్షరం పొల్లుపోతే ‘నథింగ్‌ నేమ్‌డ్‌ ఫలానా హ్యాజ్‌ బీన్‌ డిఫైన్‌డ్‌’ అంటుంది. తెలుగు మీడియంలో పది చదివొచ్చిన కుర్రాడికి తప్పు తెలిసేలోపు ధైర్యం పోతుంది. ‘ఈ పేరుతో ఇక్కడ ఏదీ లేదు, స్పెల్లింగ్‌ చూసుకో’ అని తెలుగులో చెబితే వాడే దిద్దుకుంటాడు. మెనూలూ, హెచ్చరికలూ స్పానిష్‌, చైనీస్‌, జపనీస్‌, రష్యన్‌ భాషల్లోకి ఇప్పటికే వెళ్లాయి. ఆ మాటలన్నీ విడిగా ఒక ఫైలులో ఉంటాయి. వాటిని తెలుగు చేయడానికి ప్రోగ్రామింగ్‌ పెద్దగా అక్కర్లేదు, ఓపికా మంచి తెలుగూ కావాలి. 2000ల దశకంలో హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ బృందం లినక్స్‌నే తెలుగులోకి తెచ్చింది. ఆ లెక్కన ఇది చిన్న పనే.

మన దేశపు నమూనాలు వెంట వచ్చే గ్రంథాలయంలో చేరాలన్నది మరో సూచన కావచ్చు. కలగాపులగంగా సాగే రోడ్డు, వరి మడికి నీరు పంచే కాలువ, వేట నిషేధం... గ్యాస్‌ పాకడానికి గాలి దిశ, నేల వాలు చేర్చిన ‘డిఫ్యూజ్‌’ ఉంటే ఎంత పని తప్పుతుందో! అసలైన పటాలను తెచ్చుకునే జీఐఎస్‌ సదుపాయం ఉంది కానీ, కొత్తవారికి అది కొరుకుడు పడదు. అంతవరకూ పేట పటాన్ని మామూలు బొమ్మలా తెర వెనక పరుచుకుని పని కానివ్వచ్చు.

సూచన పంపడమూ ఓ విద్యే. ‘పనిచేయట్లేదు సార్‌’ అన్నది సూచన కాదు. ఏ వెర్షన్‌ వాడారు, ఏ మీట నొక్కారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది... ఈ నాలుగూ రాయాలి. కోడ్‌ బహిరంగంగా ఉంది కనుక రాసినవారికి జవాబిచ్చేవాళ్లు అటుపక్క ఉంటారు. రేపు ఏ ఫ్యాక్టరీలోనో వాల్వు లీకవుతోందని లాగ్‌బుక్‌లో రాయాల్సి వచ్చినా కావాల్సింది ఇదే అలవాటు.

నెట్‌లోగోలో ప్రతి నమూనాకూ ఓ సమాచారం పేజీ ఉంటుంది. ఇదేమిటి, ఎలా పనిచేస్తుంది, ఏం గమనించాలి, ఏం మార్చి చూడాలి... ఇలా శీర్షికలు వరసగా వస్తాయి. వాటిలో ఒకటి ‘ఎక్స్‌టెండింగ్‌ ద మోడల్‌’. ఈ నమూనాలో ఇంకా ఏం చేర్చాలో రాసే చోటు. మార్కుల తొందరలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. గ్యాస్‌ నమూనా చేసిన విద్యార్థి అక్కడ తెలుగులోనే రాసుకోవచ్చు. ‘గాలి దిశ పెట్టలేదు. కాలువ గట్టు పెట్టలేదు. నడవలేనివాళ్లు ఎంతమందో మా వీధిలో ఇంకా లెక్కపెట్టాలి.’